మందు డబ్బా మీద మొదటి మాట

అనంతపురం జిల్లా విడపనకల్లు నల్లరేగడిలో మిరప, పత్తి, పప్పుశనగ వేసే రైతు ఇంటికి వచ్చే ‘పుస్తకాలు’ కొన్నే. డ్రిప్పు సెట్టుతో ఒకటి, స్ప్రేయర్‌తో ఒకటి, పురుగుమందు డబ్బాతో మడతలు మడతలుగా ఓ కరపత్రం. వీటిని ఎవరూ తీరిగ్గా కూర్చుని చదవరు. నీళ్లు ఆగిపోయినప్పుడో, మందు ఒంటి మీద పడినప్పుడో తీసి వెతుకుతారు. వెతికే మనిషి కంటికి ముందు ఆనేది శీర్షికే. వ్యవసాయ సహాయకుల కొలువులకు చదివేవాళ్లు శీర్షికలు రాసే ఈ అంశాన్ని చట్టంతో కలిపి చదువుకుంటే రెండూ గుర్తుంటాయి.

మందు అంటే ఏ మందు?

తెలుగులో జ్వరం మాత్రా మందే, కలుపు మందూ మందే, పురుగుమందూ మందే. సాయంత్రం సీసాలో దొరికేదాని సంగతి సరేసరి. అలాంటప్పుడు కరపత్రం మీద ‘మందు వాడు విధానం’ అని రాస్తే ఏం తెలిసినట్టు? పురుగుమందు అనుకుని కలుపు మందు కొడితే మిరప తోట మాడిపోతుంది. ‘పంట రక్షక ద్రావణం’ అనే పేరు ఇంకా చెడ్డది, డబ్బాలో ఉన్నది విషమన్న సంగతినే దాచేస్తుంది. ‘మిరపలో తామర పురుగులకు పురుగుమందు: కలిపే కొలత, కొట్టే పద్ధతి’ అంటే పంట, పురుగు, పని మూడూ తెలిసిపోతాయి. పేరు పొడవైందని సంకోచించనక్కర్లేదు.

చట్టమే రాసిపెట్టిన శీర్షిక

1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమాలు ఒక శీర్షికను కంపెనీ ఇష్టానికి వదల్లేదు. లేబుల్ మీద వజ్రం ఆకారపు గుర్తు ఉండాలి. దాని పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు.

ఎరుపు: అత్యంత విషపూరితం. పుర్రె, ఎముకల గుర్తుతో ‘విషం’.
పసుపు: అధిక విషపూరితం. ‘విషం’.
నీలం: మధ్యస్థ విషపూరితం. ‘ప్రమాదం’.
ఆకుపచ్చ: స్వల్ప విషపూరితం. ‘జాగ్రత్త’.

ఆకుపచ్చ అంటే భయం లేదనుకోవడం అభ్యర్థులు, రైతులు ఇద్దరూ చేసే పొరపాటు. ‘సురక్షితం’, ‘విషం కానిది’ వంటి ఆధారంలేని మాటలు లేబుల్ మీద రాయకూడదని కూడా నియమాల్లో ఉంది.

బళ్ళారిలో కొన్న డబ్బా

అవే నియమాల ప్రకారం లేబుల్, కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు సరుకు అమ్మే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లో ఉండాలి. ఇక్కడ ‘అమ్మే ప్రాంతం’ అన్న మాట పట్టుకోండి. విడపనకల్లుకు కర్ణాటకలోని బళ్ళారి పక్కనే. అక్కడ కొన్న డబ్బా మీద కన్నడమే ఉండి, తెలుగు లేకపోవచ్చు. మాట్లాడితే అర్థమయ్యే కన్నడం చదవడానికి అందరికీ రాదు. అప్పుడు రైతుకు దిక్కయ్యేది ఆ రంగూ, పుర్రె బొమ్మే.

పేరు ముందు, పని తర్వాత

డ్రిప్పు సెట్టు ఇంగ్లీషు పుస్తకాన్ని మక్కికి మక్కి తెలుగు చేస్తే విషయసూచికలో ‘శుభ్రపరచుట – ఫిల్టరు’, ‘శుభ్రపరచుట – పైపులు’ అని వరుసగా ఒకే మాట కనబడుతుంది. వేలు పెట్టి వెతికేవాడికి విసుగు. మన వాక్యంలో వస్తువు ముందు, క్రియ చివర వస్తుంది కదా, ‘ఫిల్టరు కడగడం’, ‘పైపులు కడగడం’ అంటే మొదటి మాటలోనే దారి దొరుకుతుంది. ‘సమస్యా పరిష్కారాలు’ కన్నా ‘చివరి సాళ్లకు నీళ్లు అందకపోతే’ నయం.

ఇంకో చట్టం

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 84 ప్రకారం హాని జరగకుండా సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడవుతాడు. అంతర్జాతీయంగా వాడుక సూచనల తయారీకి ఐఈసీ/ఐఈఈఈ 82079-1 ప్రమాణం ఉంది. దాని రెండో కూర్పు వచ్చిందీ 2019లోనే.

సాధన ప్రశ్న

డ్రిప్పు పుస్తకంలో ‘ఆమ్ల చికిత్సా విధానము’ అనే శీర్షిక ఉంది. మార్చి రాయండి.

జవాబు: ‘డ్రిప్పర్లు ఉప్పుతో పూడితే: నీళ్లలో యాసిడ్ కలిపి ఎక్కించడం’. మొదటి సగం ఎప్పుడు వాడాలో చెబుతుంది. రెండో సగంలో ‘నీళ్లలో యాసిడ్’ అన్న వరుస మార్చితే మార్కులు పోతాయి. పొలంలో ఆ వరుస తప్పి యాసిడ్‌లో నీళ్లు పోస్తే అది ముఖం మీదికి చిమ్ముతుంది.