వేలిముద్ర ఎచటికి పోవును?

రాయపూర్ నగరంలోని మోవాలో నివసించుచు చుట్టుపట్ల సేద్యం చేయు తెలుగు పాఠకులారా! మీరు ధాన్యం అమ్మవలెనన్న సేకరణ కేంద్రంలోని యంత్రంపై వేలు పెట్టుచున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2023-24 ఖరీఫ్ సేకరణ నుండి ఈ పద్ధతి వచ్చినది. సబ్సిడీ ఎరువు కొనునపుడు డీలరు దుకాణంలోను ఇదే తంతు. భూమి కొన్నచో రిజిస్ట్రేషన్ కచేరీలో సంతకం, వేలిముద్ర రెండును ఇచ్చెదరు. ఇచ్చిన పిమ్మట అవి ఎవరి చేతిలో ఉండును?

పూర్వం దస్తావేజు నకలు కావలసినవాడు కచేరీకి పోయి, రుసుము కట్టి, గుమాస్తా వెదకి ఇచ్చువరకు అరుగుపై కూర్చొనవలసి యుండెడిది. ఆ జాప్యమే ఒక విధమైన కాపలా. దస్తావేజులు కంప్యూటరుకెక్కిన తరువాత ఆ కాపలా తొలగినది.

దీని ఫలితం పొరుగున ఉన్న తెలంగాణలో 2018 జూన్‌లో బయటపడినది. పెద్దపల్లి జిల్లాలోని ఒక సిమ్ కార్డుల డీలరు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి భూముల దస్తావేజులు తీసి, వాటిలోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, అన్యుల పేర వేలాది సిమ్ కార్డులు పనిచేయించినట్లు పోలీసులు వెల్లడించిరి. దస్తావేజులో ఆధార్ సంఖ్య కూడ ఉండుట అతనికి కలిసివచ్చినది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఇట్టి నకిలీ ముద్రలతో బ్యాంకు ఖాతాల సొమ్ము కాజేసిన ముఠాను పట్టుకొనిరి. ఆధార్ ఆధారిత చెల్లింపులో ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలును. పిన్‌తో గాని, ఓటీపీతో గాని పనిలేదు.

సంతకం దొంగిలింపబడినచో మరొక తీరున సంతకం చేసి బ్యాంకులో నమూనా మార్చుకొనవచ్చును. వేలిని మార్చుకొనుట ఎట్లు?

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసినది. అయినను, శాఖ చేసిన పొరపాటుకు కాపలా భారం రైతుపైననే పడుచున్నది. ఇది న్యాయం కాదు. కాని సొమ్ము మీది.

కనుక ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గాని, మొబైల్ యాప్‌లో గాని మీ బయోమెట్రిక్‌ను తాళం వేయించుకొనుడు. దీనికి ఆధార్‌తో జతచేసిన ఫోను నంబరు అవసరం. ఒక చిక్కు కలదు: తాళం ఉన్నంతకాలం ఎరువుల యంత్రం, ధాన్య కేంద్రం కూడ మీ వేలిని ఒప్పుకొనవు. ఆయా దినముల యందు ముందుగా తాత్కాలికముగా తాళం తీసికొని పోవలెను.

తెలియకుండ ఖాతాలో సొమ్ము తగ్గినచో వెంటనే 1930 నంబరుకు, మీ శాఖకు తెలుపుడు. మీ తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక మూడవ వ్యక్తి వలన జరిగిన మోసమును మూడు పనిదినాలలో తెలిపినచో ఖాతాదారునిపై నష్టం మోపరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించినది. ఫిర్యాదు నకలుపై తేదీతో శాఖ ముద్ర వేయించుకొనుట మరువకుడు.

డీలరు మిత్రులకు ఒక మాట. కొనుగోలుదారు ఆధార్ జిరాక్సులను బల్లపై కట్టగట్టి ఉంచుట మన దుకాణాలలో అలవాటు. పని ముగిసిన కాగితమును అతని చేతికే తిరిగి ఇచ్చివేయుడు.