సెలవు చీటీ

గల్ఫ్‌లో ఫోర్‌మన్‌లుగా ఉన్న సోదరులు సెలవుపై వచ్చినప్పుడు ఆలుబిడ్డల హక్కు గురించి అడుగుతుంటారు. మంచిదే. కాని మీ చేతికింద పనిచేసేవారికీ ఆలుబిడ్డలున్నారు కదా!

ఒక రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) గస్తీ తిరుగుతుండగా, భర్త యుద్ధానికి వెళ్ళిన ఒక స్త్రీ ఆవేదన చెవిన పడింది. భర్త ఎడబాటును స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. ఆమె చెప్పిన గడువు కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలు, మరికొన్నింటిలో ఆరు. సైనికులను అంతకుమించి ఆపరాదని ఆయన ఆజ్ఞాపించారు. గమనించండి, ఆయన అడిగింది తన ఇంటి కోసం కాదు.

ప్రతి ఒక్కరూ కాపరేనన్న హదీసు (బుఖారీ, ముస్లిం) మనకు ఇంటి విషయంలోనే గుర్తొస్తుంది. రెండేళ్ళు నిండిన కూలీ సెలవు చీటీ మాత్రం ‘మనుషులు తక్కువ’ అంటూ సొరుగులో ఉండిపోతుంది. మంజూరు చేసేది కంపెనీయే అంటారా? నిజమే. సిఫారసు రాయవలసింది మాత్రం మీరే.