నొప్పి లేని దవడ వాపు: చేయవలసినవి, చేయకూడనివి

శ్రీకాకుళం జిల్లా అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, వైద్య గ్రంథాలకెక్కింది. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా పరిశోధక బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు చూసి, అంగిట్లో వచ్చే మార్పుల గురించి రాసింది. అందుకే మనవైపు నోటి జబ్బంటే ముందు చుట్టే గుర్తొస్తుంది. చుట్ట ముట్టనివాళ్లు తమకేం కాదనుకుంటారు. దవడ ఎముకలో పుట్టే గడ్డలకు మాత్రం చుట్టతో పనిలేదు. చాలావరకు పన్ను తయారుచేసే కణజాలం నుంచే పుడతాయి. ఎక్కువ భాగం క్యాన్సర్ కావు.

చేయవలసినవి

ఒకవైపు దవడ నెమ్మదిగా ఉబ్బుతున్నా, పళ్లు పక్కకు జరుగుతున్నా, కట్టుడు పళ్లు ఉన్నట్టుండి పట్టకపోయినా దంతవైద్యుడికి చూపించండి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, అది రాకపోవచ్చు.

పిల్లలకు పాలపన్ను ఊడి చాలాకాలమైనా కొత్తది రాకపోతే ఎక్స్‌రే తీయించండి. ఒడాంటోమా అనే పంటి గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు.

అమెలోబ్లాస్టోమా అనే గడ్డ అంత తేలిగ్గా వదలదు. ఎక్కువగా కింది దవడలో, వెనక పళ్ల దగ్గర, 30–40 ఏళ్ల వయసులో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎముకను లోపల్లోపల తినేస్తుంది. ఎముక పలచబడ్డాక వేలితో నొక్కితే గుడ్డు పెంకులా చిటపటమంటుంది. పైపైన గోకి తీస్తే మళ్లీ పెరుగుతుంది కాబట్టి, చాలాసార్లు చుట్టూ కొంత మంచి ఎముకతో సహా కోస్తారు. ‘క్యాన్సర్ కాదన్నారుగా’ అని వాయిదా వేసేకొద్దీ కోయాల్సిన దవడ పెరుగుతుంది.

చేయకూడనివి

వాతలు, పసర్లు వద్దు. మందుల షాపు యాంటీబయాటిక్‌తో చీము తగ్గితే వాపు తగ్గినట్టుంటుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

కదిలే పన్నును ఎక్స్‌రే తీయకుండా పీకించొద్దు.

కత్తి తగిలితే గడ్డ క్యాన్సరవుతుందన్న మాట నమ్మొద్దు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తేనే గడ్డ రకం తేలుతుంది.

కింది పెదవి తిమ్మిరెక్కినా, వాపు వారాల్లోనే పెరిగినా, మానని పుండు ఉన్నా ఊళ్లో వైద్యంతో కాలం గడపొద్దు. శ్రీకాకుళం రిమ్స్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లండి.

ఆపరేషన్ అయ్యాక కాగితాలు పారేయొద్దు. అమెలోబ్లాస్టోమా పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. పాత ఎక్స్‌రేలు, ముక్క పరీక్ష రిపోర్టు ప్రతి చెకప్‌కూ వెంట తీసుకెళ్లండి.