మోటారుకార్ల పేర్లు – వాని యర్థములు

మనము ప్రతిదినమును వీధిలో పెక్కు మోటారుకార్లను చూచుచున్నాము. వాని వెనుకభాగమున నుండు పేర్లను చదువుచున్నాము. కాని యా పేర్లు ఎట్లు వచ్చినవో విచారించుట యరుదు. అట్టి కొన్ని పేర్ల వృత్తాంతము నిచట తెలిసికొందము.

కొన్ని పేర్లు మనుష్యులవి. ఎమిల్ యెల్లినెక్ అను వర్తకుడు ఫ్రాన్సుదేశమందలి నీస్ నగరమున నుండి, జర్మనీలో తయారగు డైమ్లర్ కార్ల నమ్ముచుండెను. 1901వ సంవత్సరపు క్రొత్తకారునకు ఆయన తన కుమార్తె పేరు పెట్టించెను. ఆ పేరే మెర్సిడెస్. స్పెయినుదేశపు భాషలో దానికి 'కృపలు' అని యర్థము.

కొన్ని పేర్లు ప్రకృతినుండి వచ్చినవి. 1966లో జపానుదేశమున వెలువడిన టొయోటా కారు పేరు కరోలా. వృక్షశాస్త్రమున మనము 'ఆకర్షణపత్రావళి' యని చదువుకొను పూరేకుల వలయమే అది. జర్మనీవారి పసాట్ అను పేరునకు భూగోళశాస్త్రమందలి వ్యాపారపవనమని యర్థము. మన దేశమున 1983లో వెలువడిన మారుతి కారును వాయుపుత్రుని పేరు గలదియే. దాని ప్రక్కనుండిన 800 అను సంఖ్య యంత్రపు పరిమాణమును దెలుపును. అది సరిగా 796 ఘన సెంటీమీటర్లు.

ఇక పేరు నిలుచుట యెట్లో చూతము. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు ఒక క్రొత్తకారునకు మంచి పేరు కావలెనని వేలకొలది పేర్లను పరిశీలించిరి. 1955లో మరియాన్ మూర్ అను కవయిత్రినిగూడ అడిగిరి. తుదకు హెన్రీ ఫోర్డుగారి కుమారుడైన ఎడ్సెల్ పేరు పెట్టి, 1957లో గొప్ప ప్రకటనలతో దానిని విడుదల చేసిరి. జనులు దానిని మెచ్చలేదు. 1959లోనే దాని తయారీ నిలిచిపోయెను.

జర్మనీలో 1938లో నాజీ ప్రభుత్వమువారు ఒక చిన్నకారునకు 'సంతోషమువలన బలము' అను తమ సంస్థ పేరు తగిలించిరి. ఆ ప్రభుత్వముతో ఆ పేరును నశించెను. కారు మాత్రము మిగిలెను. దాని గుండ్రని వీపును జూచి జనులు 'పెంకుపురుగు' అని ముద్దుగా పిలిచిరి. ఆంగ్లమున బీటిల్ అనునది ఆ మాటయే. తుదకు కంపెనీవారును ఆ పేరునే గ్రహించిరి. 2003లో తయారీ ముగియునాటికి అట్టి కార్లు 2 కోట్ల 10 లక్షలకు పైగా వెలువడెను.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? వేల పేర్లను పరిశీలించి పెట్టినది మూడేండ్లు నిలువలేదు. పురుగు పేరు లోకమంతట ప్రియమయ్యెను. పేరునకు నిఘంటువిచ్చు అర్థ మొకటి, నడవడి యిచ్చు అర్థము వేరొకటి. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' యని మన పెద్దలు ఊరక యనలేదు. మన తల్లిదండ్రులు ఎంతయో ఆలోచించి మనకు పేర్లు పెట్టిరి. వానికి అర్థము కల్పించు భారము మాత్రము మనదే.