బాటసారి బస - పట్టణ నియమము

బాటసారికి నీడ కల్పించుట మన దేశమున పుణ్యకార్యముగా ఎంచబడినది. సత్రము, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా - పేర్లు వేరైనను భావమొక్కటే. పుణ్యబుద్ధితో మొదలైన ఈ ఏర్పాటు కాలక్రమమున వ్యాపారముగా విస్తరించి పట్టణ నియమములకు లోబడినది. ఆ నియమముల ఆంతర్యమేమి? అవి దేనిని ప్రశ్నింపవలెను, ఎవరిని ప్రశ్నింపరాదు? విజయవాడ నగరమును దృష్టియందుంచుకొని ఈ విషయమును పరిశీలింపదలచితిమి.

గోల్కొండ నుండి మచిలీపట్నం రేవునకు పోవు బాట ఒకనాడు బెజవాడ మీదుగా సాగెడిది. ఆ బాట మీదనే, హైదరాబాదునకు చేరువనున్న హయత్‌నగర్‌లో, కుతుబ్‌షాహీల కాలమున మసీదు చుట్టును ప్రయాణికులకై గదులు కట్టించిరి. సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టు పూటకూళ్ళ ఇండ్లు కూడ మనకు క్రొత్త కావు. ఓరుగల్లులో అట్టి ఇంట ఒక రూకకు భోజనము దొరకెడిదని క్రీడాభిరామము వలన తెలియుచున్నది. బెజవాడలో 1888లో పురపాలక సంఘము ఏర్పడినది. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తికాగా, ఊరు నాలుగు దిక్కుల ప్రయాణికులకు కూడలి అయినది. దసరా నవరాత్రులలో కనకదుర్గమ్మ దర్శనమునకును, పండ్రెండేండ్లకొకసారి పుష్కర స్నానమునకును వచ్చు జనసందోహము దీనికి తోడు. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరములు మనలో అనేకులకు జ్ఞాపకమే.

బసలకు నియమము లేర్పరచుటలో బ్రిటిషు ప్రభుత్వము 1867లో చేసిన సరాయిల చట్టము గమనింపదగినది. సరాయిని రిజిస్టరు చేయించుట, గదులను, బావులను, మురుగు కాలువలను శుభ్రముగా నుంచుట, కాపలాదారును నియమించుట, అద్దె పట్టికను అందరికి కనబడునట్లు ఉంచుట, అంటువ్యాధి సోకినవారున్నచో పోలీసు ఠాణాకు తెలుపుట యజమాని విధులుగా ఆ చట్టము నిర్ణయించినది. అందలి నిర్వచనము మరింత విశేషమైనది. భవనములో ఒక భాగమును మాత్రమే బాటసారుల బసకు వాడినచో, ఆ భాగమే సరాయి అగును. అనగా చట్టము చూచినది గుమ్మముపై వ్రాసిన పేరును కాదు, లోపల జరుగు వినియోగమును.

నేటి జోనింగు విధానమునకు మూలసూత్రము కూడ ఇదియే. 1975 నాటి పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము క్రింద, 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతమునకు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 2014 డిసెంబరులో దాని స్థానమున రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చినది. ఇట్టి సంస్థలు మాస్టరు ప్లానులో నేలను నివాస, వాణిజ్య, పారిశ్రామిక మొదలగు జోనులుగా విభజించి, ఏ జోనులో ఏ వినియోగము తగునో నిర్ణయించును. కాపురమునకు కట్టిన ఇంటిని లాడ్జిగా మార్చినచో గోడలు మారవు; కాని నీటి వాడకము, మురుగు, వాహనముల రాకపోకలు, రాత్రివేళ నిద్రించువారి సంఖ్య మారును. అగ్నిమాపక నియమములు సైతము ఈ భేదమును గుర్తించినవి. 1999 నాటి మన రాష్ట్ర అగ్నిమాపక చట్టము ప్రకారము ముందుగా అనుమతి కోరవలసిన ఎత్తు నివాస భవనమునకు 18 మీటర్లు కాగా, వాణిజ్య భవనమునకు 15 మీటర్లే.

వినియోగము మారినప్పుడు జాగ్రత్త మరింత పెరుగవలెనని మన నగరమే దుఃఖముతో నేర్చుకొన్నది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున, కోవిడు రోగుల చికిత్సా కేంద్రముగా వాడుచున్న ఒక హోటలులో అగ్నిప్రమాదము సంభవించి పదిమంది మరణించిరి. ఆరోగ్యవంతుడైన అతిథి మెట్లు దిగి పరుగెత్తగలడు. మంచము పట్టిన రోగి పరుగెత్తలేడు. జాతీయ భవన నిర్మాణ స్మృతి హోటలును ఒక తరగతిలోను, ఆసుపత్రిని మరొక తరగతిలోను చేర్చుటకు కారణమిదియే. అత్యవసర సమయమున భవనముల వినియోగమును మార్చక తప్పదు. కాని ఆ మార్పుతోపాటు రక్షణ కూడ మారవలెను.

ఇతర దేశములును ఈ సమస్యతో పెనగులాడుచున్నవి. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి, ముప్పది దినములకు తక్కువగా ఇల్లు అద్దెకిచ్చు యజమాని అచటనే నివసింపవలెననియు, ఇద్దరికి మించి అతిథులు ఉండరాదనియు అమలుచేయుచున్నది. పర్యాటకుల తాకిడికి స్థానికులకు అద్దె ఇండ్లు కరవగుచున్నవని బార్సిలోనా నగరము, 2028 నాటికి పర్యాటక గృహముల అనుమతులన్నిటిని ముగింతునని 2024లో ప్రకటించినది.

అయితే నియమమునకు ఒక హద్దు గలదు. అది కట్టడమును ప్రశ్నింపవలెనే గాని బాటసారి పుట్టుకను ప్రశ్నింపరాదు. మన రాజ్యాంగములోని 15వ అధికరణము రెండవ ఖండము, కేవలము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఏ పౌరునికిని హోటళ్ళలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించుచున్నది. రిజిస్టరులో పేరు, చిరునామా వ్రాయించుకొనుట న్యాయమే. ఆ పేరును చూచి గది లేదనుట అన్యాయము. ‘ఇది నివాస జోను’ అను మాట ఒకరికి అడ్డుగోడయై, మరొకరికి తెరచిన తలుపైనచో అది నియమము కాదు, నెపము. మనవంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలో చదువు విద్యార్థులు ఈ భేదమును స్పష్టముగా ఎరిగియుండవలెను.

చదువుకొరకు పల్లెలనుండి వచ్చి హాస్టళ్ళలో, అద్దె గదులలో తలదాచుకొను విద్యార్థి కూడ ఒక బాటసారియే. గది కుదుర్చుకొనునాడు అద్దె నొక్కటే అడుగక, రెండవ మెట్ల దారి యున్నదా, రాత్రివేళ దానికి తాళము వేయుదురా, భవనము ఏ వినియోగమునకు అనుమతి పొందినది అను ప్రశ్నలను గూడ అడుగవలెను. మన విద్యార్థులు నివసించు బసలను విద్యాసంవత్సరారంభమున ఒకమారు చూచి రావలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము. నీడ నిచ్చుట ధర్మము. ఆ నీడ క్రింద ప్రాణమునకును గౌరవమునకును భద్రత కల్పించుట నియమము. ఈ రెండును కలసిననాడే సత్రమైనను సరాయియైనను తన పేరు నిలుపుకొనును.