మిశ్రవస్తువుల నిక్షేపణము, పునర్గ్రహణము

పరిశోధకులు కార్డులపై వ్రాసికొనిన దినములలో పెట్టెలో వేసిన కార్డు పదియేండ్లకును కార్డుగనే యుండెడిది. నేటి విద్యార్థులు పద్యములను, శాసనములను, నిఘంటుపదములను కంప్యూటరు ప్రోగ్రామునందు వస్తువులుగా నిర్మించుచున్నారు. ప్రోగ్రాము ముగియగానే యవి స్మృతినుండి తొలగిపోవును. వానిని బైట్ల వరుసగా మార్చి ఫైలునందు నిలుపుటను సీరియలైజేషన్ అందురు. దీనిని నేను క్రమలిపీకరణమని వ్యవహరించుచున్నాను. ఇంతకంటె మంచి పదము దొరకినచో దీనిని విడుచుటకు సంకోచింపను.

వస్తువులన్నియు నొకే జాతివైనచో చిక్కు లేదు. పద్యమునకు ఛందస్సు, పాదములు; శాసనమునకు స్థలము, శకవర్షము; పదమునకు అర్థములు, ప్రయోగములు. పైగా ప్రయోగము మరల నొక పద్యమునే చూపును. పైథాన్ భాషలో ఇందులకు పికిల్ అను సాధనము కలదు. పికిల్ అనగా ఊరగాయయే; నిలువయుంచుటయే దాని ధర్మము. వస్తువులనన్నిటిని ఒకే జాబితాగా నొక్కసారి వ్రాసినచో, పదము చూపు పద్యమును సంపుటములోని పద్యమును తిరిగి చదివినపుడు ఒక్కటిగనే యుండును. వేర్వేరుగా వ్రాసినచో రెండు ప్రతులగును. అప్పుడు పాఠదోషము నొకచోట దిద్దినను రెండవచోట నట్లే నిలుచును. పరిష్కర్తకు ఇంతకంటె ప్రమాదమేమున్నది?

పికిల్ ఫైలునందు వస్తువుల విలువలుండును, వస్తుజాతి నిర్వచనముండదు. ఆ జాతి పేరును, అది యున్న మాడ్యూలు పేరును మాత్రమే యుండును. ఈ సంగతి మాకు ఆలస్యముగా బోధపడినది. మా విద్యార్థి యొకడు తామ్రశాసనములను వేరుపరచుటకై 'శాసనము' అను జాతిని 'శిలాశాసనము' అని మార్చెను. మరునాడు నాలుగేండ్ల సేకరణ తెరచుకొనలేదు. ఆ పేరుగల జాతి లేదని యంత్రము చెప్పినది. ఫైలు చెడలేదు. పాతపేరును క్రొత్తజాతికి మారుపేరుగా నొక్క పంక్తిలో చేర్చగా సమస్తమును లభించినది. ఆ రాత్రి అతడు నిద్రపోలేదని తరువాత విన్నాను.

మరియొక అపాయము గలదు. అపరిచితులు పంపిన పికిల్ ఫైలును తెరచుటయే వారి యాజ్ఞలను మన యంత్రమున నడపుట కావచ్చును. పైథాన్ వారి పత్రములే ఈ హెచ్చరికను చేయుచున్నవి. విశ్వవిద్యాలయముల నడుమ ఇచ్చిపుచ్చుకొను సంపుటములకు ఇది తగదు.

అందులకు జేసన్ మేలు. అది కంటికి కనబడు పాఠము. ఐతే దానికి పద్యమనగా నేమో, శాసనమనగా నేమో తెలియదు. మాటలు, అంకెలు, జాబితాలు మొదలగు కొన్ని విలువలే తెలియును. కావున ప్రతి వస్తువునకును 'రకము' అను నొక గడి నుంచవలెను. చదువునపుడు ఆ గడిని జూచి ప్రోగ్రాము తగిన జాతిని నిర్మించును. ప్రయోగమునందు పద్యమును మరల వ్రాయక పద్యసంఖ్యను మాత్రమే వ్రాయవలెను. ఫైలు మొదట రూపసంఖ్య నుంచినచో, గడులు మారిన యెడల ఏ రూపమో తెలియును.

తెలుగువారికి వేరొక జాగ్రత్త. పైథాన్ జేసన్ సాధనము, ప్రత్యేకముగా చెప్పనిదే, తెలుగక్షరములకు బదులు సంకేతసంఖ్యలను వ్రాయును. దత్తాంశము చెడదు గాని కంటితో చదువుట కుదరదు. ఆ యేర్పాటును మాన్పి యూటీఎఫ్-8 లో వ్రాయించవలెను. అందు 'శ్రీ' అను నొక్క యక్షరమునకు శకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని నాలుగు సంకేతములు, 12 బైట్లు పట్టును.

ఆ విద్యార్థి సంపుటము ఇప్పుడు జేసన్‌లో నున్నది. పికిల్ ఫైలును చెరిపివేయలేదు. మారుపేరు పంక్తియు ప్రోగ్రాములో నట్లే యున్నది.