చిగురు మీద బుడిపె: కుర్ర డాక్టర్లకు నాలుగు మాటలు

1. చిగురు మీద కండ పెరిగిందని వచ్చేవాళ్లందరికీ ఉండే భయం ఒక్కటే, క్యాన్సరేమోనని. చాలామందిలో కాదు. పేరుకున్న గార, సరిగ్గా కూర్చోని క్యాప్, అంచు దాటిన ఫిల్లింగ్ ఒరుసుకుని చిగురు అలా ఉబ్బుతుంది. ఆ ధైర్యం చెప్పండి. గట్టి హామీ మాత్రం బయాప్సీ రిపోర్టు వచ్చాకే.

2. ఎర్రగా, మెత్తగా ఉండి బ్రష్ తగిలితే చాలు రక్తం కారేది సాధారణంగా పయోజెనిక్ గ్రాన్యులోమా. లేత గులాబీ రంగులో గట్టిగా, ముందు పళ్ల సందున ఉంటే పెరిఫెరల్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా కావచ్చు. నీలంగా ఉంటే జెయింట్ సెల్ గ్రాన్యులోమా గుర్తుకు రావాలి. అది మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూపించండి. కంటితో పెట్టిన పేరు ల్యాబులో తారుమారవడం మామూలే.

3. ఎక్స్‌రే తీయకుండా బ్లేడు పట్టకండి. ఎముక చెదలు తిన్నట్టు కనిపించినా, కారణం లేకుండా పన్ను కదులుతున్నా మొత్తం కోసేయొద్దు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపండి.

4. గర్భిణి అయితే తొందర వద్దు. రక్తం వస్తోందని ఆమె బ్రష్ మానేస్తుంది, దాంతో గార పేరుకుని బుడిపె ఇంకా పెరుగుతుంది. క్లీనింగ్ చేసి, మెత్తటి బ్రష్ వాడమనండి. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. రక్తం ఆగకపోయినా, తిండి తినలేకపోతున్నా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తీయడం మేలు.

5. ఇక ఆపరేషన్. పైకి కనిపించేది కోసి చేతులు కడుక్కుంటే సగం పనే. చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల మంచి చిగురుతో కలిపి, లోతున ఎముక పొర దాకా తీయాలి. ఆసిఫైయింగ్ ఫైబ్రోమా పంటి వేరు పక్కనున్న లిగమెంటులో పుడుతుందంటారు కాబట్టి అక్కడ క్యూరెట్‌తో గీకాలి. పక్క పళ్ల వేర్లు నున్నగా శుభ్రం చేసి, సరిగ్గా కూర్చోని క్యాప్ ఉంటే దాని సంగతీ అప్పుడే తేల్చండి. లేజర్‌తో రక్తం తక్కువే గానీ అంచులు మాడి, పాథాలజిస్టుకు చదవడం కష్టమవుతుంది. నేను బ్లేడే వాడతాను. ముందు పన్నయితే చిగురు వెనక్కి జారి వేరు కనబడొచ్చని మత్తు ఇవ్వకముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

6. తీసిన ముక్క ఎంత చిన్నదైనా డస్ట్‌బిన్‌లోకి పోకూడదు. 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతల ద్రవంలో వేసి పంపండి.

7. ఫైబ్రోమా సరిగ్గా తీసినా కొందరికి తిరిగి వస్తుంది. నెల తర్వాత ఒకసారి, ఆపై ఆరు నెలలకు, ఏడాదికి పిలిచి చూడండి. నొప్పి లేదని పేషెంటు రాకపోతే ఫోన్ మీరే చేయండి.